ట్రాక్‌కూ వారాంతానికీ ఒకే స్పోర్ట్స్ కారు: హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సిన లెక్కలు

సంక్షిప్తంగా: ట్రాక్ మీద కారును అలసిపోయేలా చేసేది, తీసిన వేగాన్ని మళ్లీ మళ్లీ తగ్గించడంలో పుట్టే వేడి. ఆ వేడి కారు బరువును బట్టి, వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి పెరుగుతుంది. అందువల్ల ట్రాక్ డేలకూ (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకూ) వారాంతపు షికార్లకూ కలిపి ఒకే కారు కొనాలనుకునేవారు బరువు, బ్రేకులు, ఇంజిన్ ఆయిల్ వ్యవస్థ, టైర్ల ఖర్చు, ప్రమాదం జరిగితే భరించగల నష్టం అనే వరుసలో చూసి, హార్స్‌పవర్ సంగతి చివర ఆలోచించడం మేలు.

స్పోర్ట్స్ కారు ప్రకటనల్లో మెరిసే అంకెలు చాలావరకు కొన్ని సెకన్లలో ముగిసే పరీక్షలకు సంబంధించినవి. నిలిచి ఉన్న కారు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, గరిష్ఠ వేగం ఎంత, జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో ఒక చుట్టు ఎన్ని నిమిషాల్లో పూర్తయింది వంటివే అవి. 1927లో ప్రారంభమైన ఆ ట్రాక్‌లోని 20.8 కిలోమీటర్ల ఉత్తర వలయంలో కంపెనీలు చాటుకునే సమయాలు కూడా, ఆరితేరిన డ్రైవరు కొత్త టైర్లతో, ఖాళీ దారిలో, ఒకే ఒక్క చుట్టులో సాధించినవి. కొనుగోలుదారుకు కావలసిన సమాధానం వాటిలో దొరకదు. ఒక సాధారణ డ్రైవరు చేతిలో ఆ కారు ఇరవై నిమిషాలు విరామం లేకుండా పరుగెత్తి, గంట తర్వాత మళ్లీ పరుగెత్తి, సాయంత్రం అదే టైర్లతో ఇల్లు చేరగలదా అన్నది ఏ బ్రోషరూ చెప్పదు. ఎంపికలో వచ్చే గందరగోళంలో సగం, ఈ రెండు రకాల పరీక్షలను ఒకటే అనుకోవడం వల్ల వస్తుంది.

## ట్రాక్ డే ఏం అడుగుతుంది

ట్రాక్ డే పందెం కిందికి రాదు. డ్రైవర్లను అనుభవాన్ని బట్టి గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును పదిహేను నుంచి ముప్పై నిమిషాల పాటు ట్రాక్ మీదికి వదులుతారు. ముందున్న కారును దాటడానికి సాధారణంగా నిర్దేశించిన చోట్లు ఉంటాయి; చాలాచోట్ల ముందున్న డ్రైవరు చేయి చూపితే తప్ప దాటకూడదు. బహుమతులు ఉండవు. చాలా కార్యక్రమాల్లో సమయం లెక్కించడాన్ని కూడా అనుమతించరు. కాబట్టి పక్కవారి కంటే రెండు సెకన్లు ముందుండటం వల్ల ఒరిగేదేమీ లేదు. కారు హద్దు ఎక్కడుందో తెలుసుకుని, ఆ హద్దు దగ్గర దాన్ని అదుపులో ఉంచడంలోనే ఆట అంతా ఉంది.

వారాంతపు రోడ్డు ఇంకో రకం పరీక్ష. అక్కడ వేగ పరిమితి, ఎదురుగా వచ్చే వాహనాలు, గుంతలు ఉంటాయి. గంటకు 160 కిలోమీటర్లు దాటితే గానీ నిద్రలేవని కారు రోడ్డు మీద విసుగైనా పుట్టిస్తుంది, ప్రమాదమైనా తెస్తుంది. 2012లో వచ్చిన మొదటి తరం టొయోటా 86 ఈ సూత్రాన్ని విచిత్రంగా పాటించింది. 200 హార్స్‌పవర్ ఉన్న ఆ కారుకు, హైబ్రిడ్ కారు ప్రియస్‌లోనూ వాడిన రకం సన్నటి టైర్లు అమర్చారు. అప్పట్లో దాన్ని పిసినారితనంగా చూసినవారూ ఉన్నారు. కానీ పట్టు తక్కువైన టైరు తక్కువ వేగంలోనే జారడం మొదలుపెడుతుంది, ఆ జారుడు కూడా నెమ్మదిగా, ముందే చెప్పి వచ్చినట్టు వస్తుంది. డ్రైవరుకు నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది.

## బ్రేకుల దగ్గర జరిగేది

1,500 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తిన్నటి దారి చివరికొచ్చి, మలుపు కోసం 80కి తగ్గిందనుకుందాం. గతిశక్తి సూత్రం ప్రకారం ఆ ఒక్కసారి బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 19.4 లక్షల జౌళ్లు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ పని మూడున్నర సెకన్లలోపే ముగుస్తుంది. అంటే ఆ కాసేపు బ్రేకులు 550 కిలోవాట్లకు పైగా శక్తిని వేడిగా మారుస్తున్నాయన్నమాట. 300 హార్స్‌పవర్ ఇంజిన్ ఇచ్చేది 224 కిలోవాట్లు మాత్రమే. ఏ స్పోర్ట్స్ కారులోనైనా అత్యంత శక్తిమంతమైన యంత్రం బ్రేకే అనడంలో అతిశయోక్తి లేదు.

ఈ శక్తిలో సుమారు 70 శాతం ముందు చక్రాల మీద పడుతుంది. ముందు డిస్కులు ఒక్కొక్కటి పది కిలోలు తూగితే, గాలికి పోయే వేడిని పక్కనబెట్టి లెక్కిస్తే, ఒక్క బ్రేకుకే వాటి ఉష్ణోగ్రత 140 డిగ్రీల దాకా పెరుగుతుంది. అలాంటి గట్టి బ్రేకులు ఒక చుట్టులో నాలుగైదు ఉంటే, మధ్యమధ్య దొరికే తిన్నటి దారులు డిస్కులు చల్లబడటానికి చాలవు. రోడ్డు మీద రోజుకు ఒక్కసారి కూడా ఎదురుకాని పరిస్థితి ట్రాక్ మీద రెండు నిమిషాలకోసారి తిరిగొస్తుంది.

ఆ వేడి ఎటు పాకిందన్నది డ్రైవరు కాలికి రెండు రకాలుగా తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగనని మొరాయిస్తే, ప్యాడ్లు తమ పరిధి దాటి వేడెక్కాయని అర్థం. రోడ్డు కోసం చేసిన ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే పట్టేలా తయారవుతాయి. ఎక్కువ వేడిలో వాటి ఘర్షణ పడిపోతుంది. రెండోది ఇంతకంటే భయపెట్టేది. పెడల్ మెత్తబడి, నొక్కిన కొద్దీ కిందికి దిగిపోతుంది. ప్యాడ్లను డిస్కు మీద అదిమే కాలిపర్ లోపల బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టిందని దానికి అర్థం. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. కాలి బలమంతా బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అదే ఆయిల్‌కు ఆ ప్రమాణం 155 డిగ్రీలు. రెండు మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్లిన కొత్త కారు కంటే, పొద్దుటే ఆయిల్ మార్చుకొచ్చిన పాత కారు నిబ్బరంగా ఆగడానికి కారణం ఈ 75 డిగ్రీల తేడాయే. కారు మీద అంత పోసి, 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గర వెనకాడటం, ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే.

ట్రాక్ మనుషులకు అలవాటైన మరో చిన్న పద్ధతి కూడా ఈ వేడి నుంచే పుట్టింది. ఆఖరి చుట్టును బ్రేకులు దాదాపు వాడకుండా నెమ్మదిగా పూర్తిచేసి, కారు ఆపాక హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో వదిలేస్తారు. ఎర్రగా కాలిన డిస్కును ప్యాడ్లు ఒకేచోట అదిమి ఉంచితే ప్యాడు పదార్థం అక్కడే అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది.

## బరువు

పై లెక్కలో 1,500 స్థానంలో 1,000 వేస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి 13 లక్షల జౌళ్లకు దిగుతుంది. బరువు తగ్గితే బ్రేకుల మీద, టైర్ల మీద, షాక్ అబ్జార్బర్ల మీద, పెట్రోలు మీద ఒకేసారి మిగులు కనిపిస్తుంది. హార్స్‌పవర్‌కు ఈ గుణం లేదు. దాన్ని పెంచితే ప్రతి మలుపు ముందూ వేగం పెరిగి, బ్రేకుల మీద భారం ఇంకా ఎక్కువవుతుంది.

1996లో వచ్చిన లోటస్ ఎలిస్ ఈ ఆలోచనకు చక్కటి ఉదాహరణ. అల్యూమినియం ముక్కలను జిగురుతో అతికించి కట్టిన దాని ఛాసిస్ 68 కిలోలే. కారు మొత్తం 725 కిలోల దగ్గర. ఇంజిన్ శక్తి 118 హార్స్‌పవర్ మాత్రమే. 1989లో మొదలైన మజ్దా ఎంఎక్స్-5 అదే దారిలో మరింత సామాన్యంగా నడిచి, 2016 నాటికి పది లక్షల కార్ల ఉత్పత్తిని దాటింది. దాని నాలుగో తరం 180 హార్స్‌పవర్ ఇంజిన్‌తో కూడా 1,100 కిలోలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఇక 2023 నాటి బీఎండబ్ల్యూ ఎం2 శక్తి 450 హార్స్‌పవర్‌కు పైమాట, బరువు సుమారు 1,700 కిలోలు. తిన్నటి దారిలో ఎం2ను ఎంఎక్స్-5 అందుకోలేదు. కానీ రోజంతా తిరిగాక ఏ కారు కింద ఎన్ని టైర్లు, ఎన్ని ప్యాడ్లు అరిగాయో చూస్తే తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది.

మలుపులో బరువు చేసే పని ఇంకాస్త సూక్ష్మమైనది. 1,200 కిలోల కారు, నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున గరిమనాభి (బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు), ఎడమ కుడి చక్రాల మధ్య 150 సెంటీమీటర్ల దూరం అనుకుంటే, భూమ్యాకర్షణతో సమానమైన పక్క బలంతో మలుపు తిరిగేటప్పుడు సుమారు 360 కిలోల భారం లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. టైరు మీద భారం రెట్టింపైనంత మాత్రాన పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువైన, ఎత్తైన కారు వెడల్పాటి టైర్లు అడుగుతుంది. ఆ టైర్లు ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ. ఈ చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది.

తేలికైన కార్ల జాబితా మాత్రం ఏటేటా కురచ అవుతోంది. ప్రమాద రక్షణ, ఉద్గారాలు, డ్రైవరు సహాయ వ్యవస్థలకు సంబంధించిన నిబంధనలు ఒక్కొక్కటీ కొన్ని కిలోలు కలుపుతాయి. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే మోడల్‌ను వాటికి తగ్గట్టు మార్చడం లాభసాటి కూడా కాదు. 2024 జూలైలో యూరోపియన్ యూనియన్‌లో కొత్త భద్రతా నిబంధనలు అమల్లోకి వచ్చినప్పుడు టొయోటా జీఆర్86 ఆ మార్కెట్ నుంచి తప్పుకుంది. అదే సమయంలో సైబర్ భద్రతా నిబంధనల కారణంగా పోర్షే 718 కేమన్, బాక్‌స్టర్ కార్లలో అధికభాగం అక్కడ ఆగిపోయాయి. వాడిన స్పోర్ట్స్ కార్ల వైపు చూపు మళ్లడానికి ఇలాంటి పరిణామాలు ఒక కారణం.

## ఏ చక్రాలు తిప్పుతాయి, ఇంజిన్ ఎక్కడుంది

టైరుకున్న పట్టు ఒకే జేబులోని డబ్బు లాంటిది; బ్రేకుకు ఖర్చయినది మలుపుకు మిగలదు. ముందు చక్రాలతో నడిచే కారులో ఆ జేబు నుంచి మూడు ఖర్చులు పోతాయి: ఆపడం, తిప్పడం, లాగడం. హోండా సివిక్ టైప్ ఆర్ వంటి కార్లు ప్రత్యేకమైన ముందు సస్పెన్షన్‌తో, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌తో (ఒక చక్రమే ఉత్తినే తిరిగిపోకుండా రెంటికీ శక్తిని పంచే పరికరంతో) ఈ ఇబ్బందిని చాలావరకు దాటాయి. అయినా ముందు టైర్లు వెనకవాటి కంటే చాలా త్వరగా అరుగుతాయి. కొత్తవారికి ఒక వెసులుబాటు మాత్రం ఉంది. హద్దు దాటితే ఈ కార్లు సాధారణంగా ముక్కు బయటికి తోసుకుపోతాయి, యాక్సిలరేటర్ కాస్త వదిలితే దారికొస్తాయి.

ఇంజిన్ ముందు ఉండి వెనక చక్రాలు తిరిగే అమరికలో పని పంచుకోవడం కనిపిస్తుంది. ముందు టైర్లు తిప్పుతాయి, వెనక టైర్లు నెడతాయి. పాదం ఒత్తిడితో వెనక భాగాన్ని కొద్దికొద్దిగా కదిలించవచ్చు. డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఎంఎక్స్-5, జీఆర్86 లాంటి కార్లను ఎక్కువమంది సూచించడం ఇందుకే.

లోటస్ ఎలిస్, పోర్షే కేమన్ తరహాలో ఇంజిన్ సీట్ల వెనక, ఇరుసుల మధ్య ఉంటే బరువంతా నడిమిన చేరి కారు చురుగ్గా తిరుగుతుంది. ఆ చురుకుదనమే తప్పు చేసినవారి మీదికి తిరగబడుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే భారం ముందుకు జరిగి, వెనక చక్రాలు తేలికై, కారు బొంగరంలా తిరిగిపోవచ్చు. తడిసిన ట్రాక్ మీద ఇది రెప్పపాటులో అయిపోతుంది.

అమరిక ఏదైనా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉందో లేదో చూడాలి. అది లేని కారు బిగువైన మలుపు నుంచి బయటపడేటప్పుడు, భారం తగ్గిన లోపలి చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతుంది. ఎలక్ట్రానిక్ వ్యవస్థ దాన్ని బ్రేకుతో అదుపు చేస్తుంది నిజమే, కానీ అసలే వేడెక్కిన బ్రేకులకు అది అదనపు చాకిరీ.

## ఇంజిన్, దాని ఆయిల్

ఎంత శక్తి చాలన్న ప్రశ్నకు ఒకే అంకె లేదు. అయితే టన్నుకు 150 నుంచి 200 హార్స్‌పవర్ ఉన్న కారుతో నేర్చుకోవడం మొదలుపెట్టినవారికి మొదటి ఏడాది శక్తి చాలలేదనిపించే సందర్భాలు అరుదు. అంతకు మించితే, మలుపులో చేసిన పొరపాటును తిన్నటి దారిలో ఇంజిన్ కప్పిపుచ్చుతుంది.

శక్తి కంటే ఆయిల్ సంగతి ముఖ్యం. సాధారణ ఇంజిన్‌లో ఆయిల్ అడుగున ఉన్న సంప్‌లో నిలుస్తుంది, అక్కడి నుంచి గొట్టం దాన్ని పైకి లాగుతుంది. పొడవైన మలుపులో ఆయిల్ అంతా ఒక పక్కకు ఒరిగిపోతే గొట్టం గాలి పీలుస్తుంది. ఆ ఒకటి రెండు సెకన్లే బేరింగులు పాడవడానికి చాలు. రోడ్డు టైర్లతో బాగానే ఉన్న ఇంజిన్, ఎక్కువ పట్టున్న టైర్లు వేశాక ఇలా దెబ్బతినవచ్చు, ఎందుకంటే పట్టు పెరిగిన కొద్దీ ఆయిల్ ఒరిగే బలం కూడా పెరుగుతుంది. సంప్‌లో అడ్డుపలకలు ఉన్నాయా, విడి ట్యాంకుతో పనిచేసే డ్రై సంప్ ఉందా, అదే మోడల్‌ను ట్రాక్ మీద వాడేవారు ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు అన్నవి కొనకముందే తెలుసుకోవాలి. టర్బో ఇంజిన్‌లకు ఇంకో బెడద ఉంది. వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తట్టుకోలేకపోతే, కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది.

## టైరు అంచు చెప్పే కథ

రోడ్డు అమరికతో ట్రాక్ మీద తిరిగి వచ్చిన కారు ముందు టైరును చేత్తో తడిమితే, బయటి భుజం గరుకుగా, పొరలు లేచి ఉంటుంది. లోపలి సగం మాత్రం దాదాపు కొత్తదానిలా ఉంటుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే నిలుస్తుందనడానికి అది గుర్తు. చక్రం పైభాగాన్ని రెండున్నర, మూడు డిగ్రీలు లోపలికి వంచితే అరుగుదల సమమవుతుంది. అయితే చాలా కార్లలో ఫ్యాక్టరీ అమరిక అంత వంపును అనుమతించదు, అనుమతించినా రోజువారీ రోడ్డు మీద లోపలి అంచు అరుగుతుంది. ట్రాక్, వారాంతం మధ్య రాజీ అన్నది ఇలాంటి డిగ్రీల్లోనే కుదరాలి.

గాలి ఒత్తిడి కూడా అంతే. టైరు వేడెక్కితే నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ పెరగడం మామూలే, కాబట్టి చల్లటి టైరులో తక్కువ గాలితో మొదలుపెట్టి, ట్రాక్ దిగిన వెంటనే కొలిచి సరిచేస్తారు. అదే చూపుతో చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో కూడా చూస్తారు.

## ఆదివారం పొద్దున

ట్రాక్ కోసం సస్పెన్షన్‌ను ఎంత బిగిస్తే రోడ్డు మీద అంత కష్టం. గుంతల దారిలో బిగువైన స్ప్రింగులున్న చక్రం నేలను వదిలి ఎగురుతుంది కాబట్టి, సౌఖ్యంతో పాటు పట్టు కూడా పోతుంది. బిగువును మార్చుకోగల షాక్ అబ్జార్బర్లు ఇక్కడ కొంత ఆదుకుంటాయి.

టాప్ తెరుచుకునే కారు వారాంతానికి హాయి, కానీ బోల్తా పడితే తలను కాపాడే ఇనుప కమ్మీ లేనిదే చాలా ట్రాకులు లోపలికి రానివ్వవు. కమ్మీ పైఅంచు నుంచి ముందు అద్దం పైఅంచు దాకా ఒక కర్ర పెట్టి, హెల్మెట్‌తో కూర్చున్న డ్రైవరు తల దానికి కింద ఉందో లేదో చూడటం పాత పద్ధతి. పొడగరులు చిన్న రోడ్‌స్టర్ (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు) కొనే ముందు హెల్మెట్ పెట్టుకుని ఒకసారి కూర్చుని చూడాలి. షోరూంలో బాగా సరిపోయిన సీటు, హెల్మెట్‌తో మెడ వంచాల్సి వచ్చేలా మారిపోతుంది.

ఎలక్ట్రిక్ కార్లు ఈ లెక్కలను కొంత మారుస్తున్నాయి. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ 600 హార్స్‌పవర్ దాటినా, 84 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో 2,200 కిలోలు తూగుతుంది. వేగం తగ్గించే పనిలో పెద్ద వాటాను మోటార్లే తీసుకుని బ్యాటరీకి తిరిగి పంపడం వల్ల డిస్కుల వేడి తగ్గుతుంది; టైర్ల మీద భారం మాత్రం తగ్గదు, మధ్యాహ్నానికల్లా చార్జింగ్ వసతి వెతుక్కోవాలి.

## పోతే ఎంత పోతుంది

సాధారణ వాహన బీమా పాలసీల్లో చాలావాటిలో ట్రాక్ మీద జరిగిన నష్టానికి మినహాయింపు ఉంటుంది. తయారీదారు వారంటీలోనూ పోటీలకు, ట్రాక్ వాడకానికి సంబంధించిన షరతులు ఉంటాయి. ట్రాక్ రోజుకు విడిగా బీమా దొరికేచోట దాన్ని తీసుకోవచ్చు, లేకపోతే గోడకు తగిలిన కారు ఖర్చు యజమానిదే. కాబట్టి కారు ధరను, ఒక సెట్టు టైర్లను, రెండు సెట్ల ప్యాడ్లను, బ్రేక్ ఆయిల్‌ను, పూర్తి నష్టం జరిగే అవకాశాన్ని కలిపి చూసినప్పుడే అసలు బడ్జెట్ తేలుతుంది. అప్పు తీరని కొత్త కారులో కూర్చున్నవారు ప్రతి మలుపులోనూ హద్దుకు దూరంగానే నడపడం సహజం. అలాంటప్పుడు ఆ కారుకున్న సామర్థ్యంలో సగం వాడకుండానే మిగిలిపోతుంది.

వాడిన కారు కొనేటప్పుడు, అది ట్రాక్ మీద తిరిగిందని తెలియగానే వెనక్కి తగ్గేవారు ఎక్కువ. ఆ జాగ్రత్తలో న్యాయం ఉంది గానీ, అది తిరగేసి కూడా చూడదగ్గది. ఏ తేదీన బ్రేక్ ఆయిల్ మార్చారో, ఎన్ని గంటల వాడకం తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్చారో, ఏ ప్యాడ్లు వేశారో రాసి పెట్టుకున్న యజమాని కారును ఎలా వాడారో ఆ పుస్తకమే చెబుతుంది. తళతళలాడే రంగు ఉండి, కాలిపర్ రంగు మాత్రం వేడికి గోధుమ వర్ణానికి తిరిగి, డిస్కు మీద సన్నటి పగుళ్లు కనిపిస్తూ, రికార్డు ఒక్కటీ లేని కారు కూడా ట్రాక్ మీద తిరిగిందే. ఈ రెంటిలో మొదటిదాన్ని చూడటానికి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. రెండోదాని కోసం అతని సమయం వృథా చేయనక్కర్లేదు.